తుక్కుతో కట్టిన గోడలు: అలబామా 'రూరల్ స్టూడియో' విద్యార్థుల ఉమ్మడి నిర్మాణాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికాలోని అలబామా రాష్ట్రం, హేల్ కౌంటీలో ఆబర్న్ విశ్వవిద్యాలయ వాస్తుశిల్ప విద్యార్థులు 1993 నుంచి పాత టైర్లు, కార్ల అద్దాలు, వాడేసిన తివాచీ పలకలు వంటి వస్తువులతో పేద కుటుంబాలకు ఇళ్లు, ఊళ్లకు ఉమ్మడి మందిరాలు నిర్మించారు. ఈ నిర్మాణాలను ఎక్కువగా సౌందర్యదృష్టితోనో దాతృత్వదృష్టితోనో చర్చించారు. వాటిని శ్రమచరిత్రగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. తుక్కు వస్తువు ధర తక్కువే అయినా, దాన్ని గోడగా మార్చే శ్రమ తక్కువది కాదని, విద్యార్థులు ఆ శ్రమను ఉచితంగా భరించినంతవరకే ఆ పద్ధతి సాగిందని, 2005లో మొదలైన '20కె' ఇంటి ప్రణాళిక ఈ లెక్కను బయటపెట్టిందని ఇక్కడి ప్రతిపాదన.

కీలక పదాలు: రూరల్ స్టూడియో, శామ్యూల్ మాక్‌బీ, పునర్వినియోగం, వాస్తువిద్య, శ్రమ, హేల్ కౌంటీ.

1. ప్రవేశిక

పాత ఇల్లు ఊడదీసినప్పుడు దాని దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, పెంకులు మరో ఇంటికి చేరడం తెలుగు పల్లెలకు కొత్త సంగతి కాదు. చివికిన చీరలను, పంచెలను పొరలుగా పేర్చి బొంత కుట్టడమూ అటువంటిదే. వీటికి ఎవరూ ప్రత్యేకంగా పేరు పెట్టలేదు. ఇల్లు గడుపుకోవడంలో అదొక భాగంగా సాగిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో ఇదే పని కళాశాలల పాఠ్యప్రణాళికలోకి ప్రవేశించాక దానికి పేరూ, సిద్ధాంతమూ, మూల్యాంకన పద్ధతీ ఏర్పడ్డాయి.

'రీసైక్లింగ్' అనే ఆంగ్లపదాన్ని తెలుగులో సాధారణంగా 'పునశ్చక్రీకరణ' అనీ, 'పునర్వినియోగం' అనీ అనువదిస్తున్నారు. ఈ రెండూ ఒకటి కావు. వస్తువును కరిగించో, నలగగొట్టో మళ్లీ ముడిసరుకుగా మార్చడం మొదటిది. ఉన్న రూపంలోనే దాన్ని మరో పనికి వాడుకోవడం రెండోది. ఈ వ్యాసంలో చర్చించే నిర్మాణాలు దాదాపు అన్నీ రెండో కోవకు చెందినవే. ఆంగ్ల రచనలు వీటిని 'రీసైకిల్డ్' నిర్మాణాలనే అన్నా, వీటిలో టైరు టైరుగానే, కారు అద్దం అద్దంగానే ఉన్నాయి. ఈ భేదం పారిభాషిక పదాల పట్టింపుతో చెబుతున్నది కాదు. కరిగించే పని యంత్రం చేస్తుంది, ఉన్నదాన్ని ఉన్నట్టే ఏరి, కడిగి, కొలిచి, అమర్చే పని మనిషి చేయాలి. ఆ మనిషి ఎవరు, ఆ పనికి విలువ కట్టినవారు ఎవరు అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

2. పూర్వరంగం

రూపకల్పన చదువులో పనికిరాని వస్తువుకు స్థానం కల్పించినవారిలో జోసెఫ్ ఆల్బర్స్ ముఖ్యుడు. వాల్టర్ గ్రోపియస్ 1919లో జర్మనీలోని వైమార్‌లో స్థాపించిన బౌహౌస్ విద్యాలయంలో ఆయన 1920లో విద్యార్థిగా చేరాడు. సామగ్రి కొనే స్థోమత లేక ఊరి చెత్తకుప్పల్లో పగిలిన సీసాలను ఏరి తెచ్చి, ఆ ముక్కలతో గాజుచిత్రాలు కూర్చాడు. 1923లో అదే సంస్థలో ప్రాథమిక తరగతులు బోధించడం ప్రారంభించాక, తన లేమినే పాఠంగా మలిచాడు. విద్యార్థుల ముందు పాత వార్తాపత్రికలు పడేసి, ఏమీ వృథా చేయకుండా వాటిని వాటి స్వభావానికి తగినట్టు మలచమన్నాడనీ, కోటలూ పడవలూ చేసినవారిని కాక కాగితాన్ని కేవలం మడిచి నిలబెట్టినవారిని మెచ్చుకున్నాడనీ ఆనాటి విద్యార్థి హానెస్ బెక్‌మన్ తరువాతి కాలంలో రాశాడు.

1933లో నాజీల ఒత్తిడికి బౌహౌస్ మూతపడింది. ఆల్బర్స్ దంపతులు అమెరికా వెళ్లి, ఉత్తర కరొలైనాలో కొత్తగా వెలసిన బ్లాక్ మౌంటెన్ కళాశాలలో చేరారు. అక్కడ ఆనీ ఆల్బర్స్, ఆమె విద్యార్థి అలెక్స్ రీడ్ కలిసి సింకు జల్లెడలు, కాగితాల క్లిప్పులతో కంఠహారాలు చేశారు. 1948 వేసవిలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ విద్యార్థులను కూడగట్టి, కిటికీ తెరలకు వాడే పలుచని లోహపు పట్టీలతో పెద్ద గుమ్మటం నిలబెట్టబోయాడు. అది పైకి లేవలేదు. 'వెల్లకిలా పడుకున్న గుమ్మటం' అన్న పరిహాసపు పేరుతోనే అది చరిత్రకెక్కింది.

ఆ వైఫల్యాన్ని విద్యార్థులు నవ్వుతూ స్వీకరించగలిగారు. గుమ్మటం లేవకపోతే వానకు తడిసే కుటుంబమేదీ దాని కింద లేదు మరి. వ్యర్థవస్తువు చుట్టూ సాగిన తొలి ఉమ్మడి ప్రయోగాలన్నిటికీ ఈ వెసులుబాటు ఉంది. విద్యార్థులు తరగతిని విడిచి నిజమైన ఊరికి నిజమైన కట్టడం కట్టే సంప్రదాయానికి యేల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మూర్ 1967లో పునాది వేశాడు. ఆయన విద్యార్థులు కెంటకీ రాష్ట్రంలోని న్యూ జయాన్‌లో సమావేశ మందిరం నిర్మించారు. ఈ రెండు ధారలూ, అంటే వ్యర్థవస్తువుతో నేర్చుకోవడమూ, ఊరికోసం కట్టడమూ, గట్టిగా కలిసిన చోటు అలబామా.

3. నల్లనేల

అలబామా నడుమ పట్టీలా సాగే ప్రాంతాన్ని 'బ్లాక్ బెల్ట్' అంటారు. మొదట ఆ పేరు నేల రంగును బట్టి వచ్చింది. మన నల్లరేగడిలాగే అది పత్తికి పెట్టింది పేరు. ఆ పత్తి పండించింది బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు. 1865లో బానిసత్వం రద్దయ్యాక భూమి చేతులు మారలేదు. పంటలో వాటా చెల్లించే కౌలు పద్ధతి అప్పును తరాల వారసత్వంగా మార్చింది. ఆ ప్రాంతంలోని హేల్ కౌంటీకి 1936లో జేమ్స్ ఏజీ, వాకర్ ఎవాన్స్ అనే రచయితా ఛాయాచిత్రకారుడూ వచ్చి మూడు శ్వేతజాతి కౌలు కుటుంబాల జీవితాన్ని నమోదు చేశారు. 1941లో ఆ పుస్తకం వెలువడ్డాక హేల్ కౌంటీ అమెరికన్ పేదరికానికి పర్యాయపదమైంది. కౌంటీలో ఎక్కువమందైన నల్లజాతివారి ఇళ్ల కథ మాత్రం ఆ పుస్తకానికి వెలుపలే ఉండిపోయింది.

శామ్యూల్ మాక్‌బీ 1944లో పొరుగు రాష్ట్రమైన మిసిసిపీలోని మెరిడియన్‌లో జన్మించాడు. ఐదు తరాలుగా అక్కడే స్థిరపడిన శ్వేతజాతి కుటుంబం అతనిది. సంపన్నులకు ఇళ్లు గీసే వాస్తుశిల్పిగా పేరు తెచ్చుకున్నాడు. 1982లో మిసిసిపీలోని మాడిసన్ కౌంటీలో ఒక కాథలిక్ సన్యాసిని పనికిరావని తేల్చిన ఇళ్లను తరలించి బాగుచేయిస్తుంటే ఆమెకు తోడ్పడ్డాడు. ఆ తరువాత దానంగా వచ్చిన సామగ్రితో, ఏరి తెచ్చిన సామగ్రితో, స్వచ్ఛందుల శ్రమతో అక్కడొక కొత్త ఇల్లు కట్టాడు. తరువాతి కాలంలో హేల్ కౌంటీలో జరిగినదంతా బీజరూపంలో ఆ ఇంట్లో ఉంది.

1993లో మాక్‌బీ, అతని సహాధ్యాపకుడు డి.కె. రూత్ కలిసి ఆబర్న్ విశ్వవిద్యాలయం తరఫున 'రూరల్ స్టూడియో'ను నెలకొల్పారు. ప్రాంగణం నుంచి హేల్ కౌంటీకి దాదాపు మూడు గంటల ప్రయాణం. వచ్చిపోయే విద్యార్థులు ఊరిని ఎరగరని భావించి, వారిని అక్కడే కాపురం ఉంచారు. రెండో సంవత్సరం విద్యార్థులు ఒక సెమిస్టరు ఉండి ఇంటి పనిలో పాలుపంచుకునేవారు. ఐదో సంవత్సరం విద్యార్థులు చిన్న బృందాలుగా ఏర్పడి, సిద్ధాంతవ్యాసానికి బదులుగా ఒక కట్టడాన్ని రూపకల్పన నుంచి కప్పు వరకు తామే పూర్తిచేసేవారు.

4. టైరు, అద్దం, తివాచీ

స్టూడియో తొలి ఇల్లు 1994లో మేసన్స్ బెండ్ అనే చిన్న నివాసంలో వెలసింది. బ్లాక్ వారియర్ నది వంపులో నాలుగు పెద్ద కుటుంబాలకు చెందిన సుమారు 100 మంది అక్కడ ఉండేవారు. మనవలను పెంచుకుంటున్న ఒక వృద్ధ దంపతులకు ఆ ఇల్లు. గడ్డిమోపులను పేర్చి, పైన గారపూత వేసి గోడలు లేపారు. వెనుకవైపు పిల్లలు పడుకోవడానికి పీపాల ఆకారంలో మూడు గూళ్లు అమర్చారు. ముందు విశాలమైన వసారా వేశారు. పక్కనే మాంసం పొగబెట్టుకునే చిన్న గదిని ఒక విద్యార్థి విరిగిన కాంక్రీటు ముక్కలతో కట్టి, రంగు సీసాలను గోడలో పొదిగి, పాత రహదారి సూచికల రేకులతో కప్పు వేశాడు. ఆ గదికి అయిన ఖర్చు 150 డాలర్లకు లోపే. సీసాల గుండా లోపలికి దిగే వెలుతురు చుక్కల ఛాయాచిత్రం తరువాత ఎన్నో పుస్తకాల్లోకి ఎక్కింది. ఇంట్లోవాళ్లకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం వసారా. ఈ సంగతి తరువాత మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

1995లో సాయర్‌విల్ సమీపాన ముగ్గురు ఐదో సంవత్సరం విద్యార్థులు ప్రార్థనా మందిరం కట్టారు. తన దగ్గర పేరుకుపోయిన టైర్లను ఖాళీ చేయవలసి వచ్చిన ఒక వ్యాపారి దాదాపు 1,000 టైర్లు ఇచ్చాడు. టైరు ఉచితమే. కాని ఖాళీ టైరు గోడ కాదు. ఒక్కొక్క దాని పొట్టలోకి మట్టి కూరి, అది రాయిలా బిగుసుకునేదాకా దిమ్మిస చేయాలి. ఆ తరువాతే వరుస మీద వరుస పేర్చి, ఇనుప వల చుట్టి, గారపూత వేయడం సాధ్యం. న్యూ మెక్సికోలో మైకేల్ రేనాల్డ్స్ 1970ల నుంచి ఈ పద్ధతిని వాడుతున్నాడు కనుక సాంకేతికంగా అది వీరి ఆవిష్కరణ కాదు. కప్పుకు శతాబ్దం నాటి పాత ఇంటి దూలాలు, పాత కొట్టం నుంచి ఊడదీసిన రేకులు, నేలకు దగ్గరి వాగులోని పలకరాళ్లు వాడారు. గారపూత కింద టైరు కనబడదు. చూసేవారికి అది ఎప్పటినుంచో అక్కడున్న మట్టిగోడలా తోస్తుంది. తుక్కును ప్రదర్శించకుండా దాచిన ఈ కట్టడమే స్టూడియో తొలి దశలో అత్యంత గంభీరమైనదని చెప్పవచ్చు.

2000లో మేసన్స్ బెండ్‌లో కట్టిన సమావేశ మందిరం దీనికి పూర్తిగా భిన్నం. స్థానిక మట్టిని దిమ్మిస కొట్టి లేపిన గోడల మీద, చేప పొలుసుల్లా ఒకదానిమీదొకటి ఒరిగే కారు అద్దాల కప్పు. నలుగురు విద్యార్థుల బృందంలో ఒకరు షికాగోలోని పాత కార్ల దుకాణంలో షెవ్రొలే కప్రీస్ కార్ల అద్దాలు 80 కొన్నారు. వాటి ధర మొత్తం 120 డాలర్లు, అంటే అద్దానికి డాలరున్నర. వంపు తిరిగిన ఆ అద్దాన్ని రంధ్రాలు పొడిచి ఇనుప చట్రానికి బిగించడం, వాన దిగకుండా ఒకదాని అంచును మరొకదాని కింద సరిపోల్చడం ఎంత పనో ఈ ధర చెప్పదు. సమకాలీన రచనలు డాలరున్నర సంగతిని పదేపదే చెప్పాయి, పనిగంటల సంగతిని దాదాపు విడిచిపెట్టాయి. చౌక అనే మాట చరిత్రలో ఎలా స్థిరపడుతుందో చూడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

2001లో న్యూబెర్న్‌లో విద్యార్థులు తమకోసమే ఒక చిన్న నివాసం కట్టుకున్నారు. మైనం పట్టించిన అట్టపెట్టెల కాగితాన్ని కాగితపు మిల్లులు తీసుకోవు, మైనం వల్ల అది మళ్లీ గుజ్జుగా మారదు. అటువంటి అట్టల కట్టలనే ఇటుకల్లా పేర్చి గోడలు చేశారు. పునశ్చక్రీకరణ విఫలమైన చోట పునర్వినియోగం పనికొచ్చిందన్నమాట. పైగా కొత్త పదార్థాన్ని ఎవరిమీదో కాక తమమీదే పరీక్షించుకున్నారు. పరీక్షకు గురయ్యేది ఎవరు అన్న నైతిక ప్రశ్నకు స్టూడియో అంత నేరుగా సమాధానం ఇచ్చిన సందర్భాలు తక్కువ.

మాక్‌బీ 2000లో మెకార్థర్ ఫెలోషిప్ పొంది, 2001 డిసెంబరు 30న రక్తకాన్సర్‌తో మరణించాడు. అతని చివరి రూపకల్పనల్లో ఒకటైన 'లూసీ కార్పెట్ హౌస్'ను విద్యార్థులు 2002లో మేసన్స్ బెండ్‌లో పూర్తిచేశారు. తివాచీ పలకలు తయారుచేసే ఇంటర్‌ఫేస్ సంస్థ ఇచ్చిన 72,000 వాడిన పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, పైన బరువైన చెక్క దూలపు కట్టుతో అదిమి గోడలుగా నిలిపారు. రసాయనాల ఆవిరి పోయేందుకు ఆ పలకలను కొన్నేళ్లు నిల్వ ఉంచాకే వాడారు. పక్కనే మెరూన్ రంగులో ఒరిగినట్టుండే గోపురం, దాని అడుగున సుడిగాలి నుంచి తలదాచుకునే గది ఉన్నాయి. 72,000 అన్న అంకె ఇక్కడ వస్తువు పరిమాణాన్నే కాదు, చేతులు వంగి లేచిన సంఖ్యనూ సూచిస్తుంది.

5. ఎవరి పేరు, ఎవరి చేతులు

ఈ నిర్మాణాలపై వచ్చిన విమర్శ ప్రధానంగా జాతిని గురించినది. ఆబర్న్ విశ్వవిద్యాలయం తొలి నల్లజాతి విద్యార్థిని చేర్చుకున్నది 1964లో, అదీ న్యాయస్థానం ఆదేశం మీద. ఆ తరువాత మూడు దశాబ్దాలకు అక్కడి విద్యార్థులు, వారిలో ఎక్కువమంది శ్వేతజాతివారు, నల్లజాతి పేదల ఇంటిమీద ప్రయోగం చేస్తున్నారన్న అభ్యంతరం సహజంగానే వచ్చింది. తాము గీసినదాన్ని కట్టే వెసులుబాటు పేదవాడి అవసరం వల్ల విద్యార్థికి దొరికిందన్నది నిజం. మాక్‌బీ కూడా ఈ ఇరకాటాన్ని ఎరిగినవాడే. ఇంట్లో ఉండబోయేవారిని అతను 'క్లయింట్లు' అనే పిలిచాడు. వారి కోరికలు అడిగి, వారు ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లడం ఆ పిలుపులో ఉన్న మర్యాద.

అయితే ఆ మర్యాద ఒక విషయాన్ని కప్పింది. తుక్కును నిలబెట్టుకునే నేర్పు హేల్ కౌంటీకి విద్యార్థులు తెచ్చింది కాదు. పాత రేకులు, దొరికిన పలకలతో తమ గుడిసెలను దశాబ్దాలుగా నిలుపుకొస్తున్నవారు అక్కడి నివాసులే. కొంత దక్షిణాన, విల్కాక్స్ కౌంటీలో అలబామా నది వంపులోని జీస్ బెండ్ గ్రామంలో నల్లజాతి స్త్రీలు పనిబట్టలు, గోనెసంచులు చింపి కుట్టిన దుప్పట్లు దీనికి సాక్ష్యం. మన బొంతకు అవి దగ్గరి చుట్టాలు, అతుకుల కూర్పు మాత్రం వేరు. 1966లో పౌరహక్కుల ఉద్యమ కాలంలో ఆ ప్రాంత స్త్రీలు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం ఏర్పరచుకుని వాటిని అమ్ముకున్నారు.

2002లో ఒక యాదృచ్ఛికం జరిగింది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఆ వసంతంలో తన ద్వైవార్షిక ప్రదర్శనలో రూరల్ స్టూడియోకు చోటిచ్చింది. అదే సంవత్సరం చివర్లో జీస్ బెండ్ దుప్పట్లను ప్రదర్శించింది. బ్లాక్ బెల్ట్‌లోని రెండు నదీవంపుల్లో పుట్టిన పునర్వినియోగం ఒకే గోడలమధ్య, కొన్ని నెలల తేడాతో, రెండు వేరు కథలుగా చూపబడింది. దుప్పట్లకు కుట్టినవారి పేర్లు ఉన్నాయి. ఇళ్లకు విశ్వవిద్యాలయం పేరు, బృందం పేరు, మాక్‌బీ పేరు ఉన్నాయి. ఇంట్లో ఉండేవారు రూపకర్తల జాబితాలో చేరలేదు. ఉమ్మడి రూపకల్పన అనే మాటను ఎంతవరకు విస్తరించాలన్నది ఈ పోలికతో తేలిపోదు గాని, ఆ మాటను ప్రశ్నించకుండా వాడడం ఇక కుదరదు.

6. ఇరవై వేల డాలర్ల లెక్క

మాక్‌బీ తరువాత బ్రిటిష్ వాస్తుశిల్పి ఆండ్రూ ఫ్రియర్ స్టూడియో బాధ్యత స్వీకరించాడు. ఏడాదికో ఇల్లు కడితే ఆ ఇల్లు బాగుంటుంది, కౌంటీ మాత్రం అలాగే ఉంటుంది. పొరుగు కుటుంబం అటువంటిదే తమకూ కావాలంటే ఇవ్వడానికి మళ్లీ 72,000 పలకలు లేవు, వాటిని ఉచితంగా పేర్చే మరో బృందమూ లేదు. తివాచీ గోడకు ఏ బ్యాంకు వెల కడుతుంది? వెల లేని ఇంటిమీద అప్పు పుట్టదు. దొరికిన సరుకును బట్టి మారే నమూనాను మేస్త్రీ రెండోసారి కట్టలేడు.

2005లో మొదలైన '20కె' ప్రణాళిక ఈ చిక్కుకు ఎదురైన ప్రయత్నం. సామాజిక భద్రతా పింఛనుతో బతికే వ్యక్తి నెలకు సుమారు 100 డాలర్లకు మించి వాయిదా కట్టలేడన్న అంచనాతో, ఇల్లు మొత్తం 20,000 డాలర్లలో పూర్తికావాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందులో దాదాపు 12,000 సామగ్రికి, మిగిలినది గుత్తేదారు కూలికీ లాభానికీ. స్టూడియో చరిత్రలో కూలికి ఒక గడి కేటాయించి లెక్క వేయడం ఇక్కడే ప్రధానమైంది. గడి పెట్టగానే టైరు, అద్దం, తివాచీ లెక్క నుంచి తప్పుకున్నాయి. కూలి ఇచ్చి ఒక టైరులో మట్టి దిమ్మిస చేయించడం కన్నా, దుకాణంలో దొరికే కొలతల కలప, రేకు, ప్లైవుడ్ చౌక. మొదటి దశలో చవకైనవి అనిపించుకున్న గోడలే నిజానికి ఖరీదైనవని అప్పుడు తేలింది. ఆ ఖరీదును అంతవరకు విద్యార్థుల సెమిస్టర్లు మోశాయి.

దీన్ని తొలి దశ ఓటమిగా చదివినవారున్నారు. ఆ తీర్పు తొందరపాటు. కూలి గడి ఖాళీగా ఉన్న రోజుల్లోనే విద్యార్థులు గోడ అంటే ఏమిటో చేతులతో తెలుసుకున్నారు, ఎక్కడ ఒక మేకు ఆదా చేయవచ్చో ఆ అనుభవమే నేర్పింది. పునర్వినియోగం కూడా స్టూడియోను విడిచిపోలేదు, స్థాయి మారింది. 2013లో న్యూబెర్న్‌లో వాడుకలో లేని పాత బ్యాంకు భవనాన్ని అది గ్రంథాలయంగా మార్చింది.

20కె ఇళ్ల నమూనాలు ఏటా మారాయి. గదుల సంఖ్య, కప్పు వాలు, పునాది పద్ధతి బృందానికో తీరుగా ఉన్నాయి. ఖర్చు తగ్గించేందుకు ప్రతి అంగుళాన్నీ కోసిన ఆ నమూనాల్లో కోతకు లొంగని భాగం ఒకటుంది: 1994లో మేసన్స్ బెండ్‌లో గడ్డిమోపుల ఇంటి ముందు వేసిన వసారా. తరువాతి కాలంలో ఈ ఇళ్లను ఇతర ప్రాంతాల గృహనిర్మాణ సంస్థలకు అందించేందుకు స్టూడియో చేపట్టిన కార్యక్రమానికి 'ఫ్రంట్ పోర్చ్ ఇనిషియేటివ్' అని పేరు పెట్టారు.